పెళ్లి తంతులో ఏది ఉంచాలి, ఏది మార్చాలి: తెలుగు పెళ్లికి మెట్టుమెట్టుగా ఒక మార్గదర్శి

మూడు గంటలు పెళ్లిపీటల మీద కూర్చుని లేచిన జంటను ఏమేం చేశారని అడగండి. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అని గబగబా చెప్తారు. కాస్త ఆగి సప్తపది అంటారు. మిగతాదంతా "పంతులుగారు ఏం చెప్తే అది చేశాం" అనే ఒక్క మాటలో పోతుంది. నేనూ ఆ బాపతే. నా పెళ్లి ఆల్బంలో ఒక ఫొటోలో నా నడుముకు గడ్డితాడు కట్టి ఉంటుంది. అదేమిటో పెళ్లయిన ఆరేళ్లకు తెలిసింది, అదీ మా చెల్లెలి పెళ్లి తంతు కాగితం మీద రాస్తూ కూర్చున్నప్పుడు. దాన్ని యోక్త్రం అంటారు. దర్భతో పేనిన తాడు. యజ్ఞంలో భర్త పక్కన కూర్చునే భార్యకు దీక్షగా కట్టేది. కట్టించుకున్నది నేను, అర్థం తెలిసింది మాత్రం పంతులుగారికి.

ఆ పెళ్లి తర్వాత మా ఇళ్లలో ఎవరి పెళ్లి కుదిరినా తంతు జాబితా రాసే పని నా మీద పడుతోంది. అలా నేర్చుకున్న పద్ధతే ఇది. హిందూ పద్ధతిలో చేసుకునే తెలుగు పెళ్లిని దృష్టిలో పెట్టుకుని రాశాను. కులాంతర, మతాంతర పెళ్లిళ్లకు పనికొచ్చే సంగతులు మధ్యలో వస్తాయి.

ముందు ఒక అనుమానం: అసలు మార్చవచ్చా?

ఇంట్లో ఎవరో ఒకరు "శాస్త్రం ఒప్పుకోదు" అంటారు. అనకముందే ఈ సంగతులు తెలిసి ఉండటం మంచిది.

తెలుగునాట చాలామంది వైదికులు అనుసరించేది ఆపస్తంబ సూత్రం. గృహ్యసూత్రం అంటే ఇంట్లో జరిపే పెళ్లిలాంటి తంతుల పద్ధతి చెప్పే పాత గ్రంథం. ఆపస్తంబ గృహ్యసూత్రమే పెళ్లి గురించి చెప్తూ, ఆచారంగా జరిపే తంతులేమిటో స్త్రీలను అడిగి తెలుసుకోమంటుంది. ఆశ్వలాయన గృహ్యసూత్రం కూడా దేశాచారాలు, గ్రామాచారాలు రకరకాలుగా ఉంటాయి, పెళ్లిలో వాటిని పాటించాలి అంటుంది. అంటే ఊరినిబట్టి, ఇంటినిబట్టి తంతు మారుతుందని సూత్రకారులే ఒప్పుకున్నారు.

ఇంకో విషయం వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. మనం పెళ్లికి ప్రాణం అనుకునే తాళి కట్టడం గృహ్యసూత్రాల్లో లేదు. జీలకర్ర బెల్లమూ లేదు. పాణిగ్రహణం, లాజహోమం, సన్నికల్లు తొక్కడం, సప్తపది అక్కడున్నవి. తాళి, జీలకర్ర బెల్లం ఈ నేలమీద తర్వాత వచ్చి కలిసినవి. తర్వాత వచ్చాయి కాబట్టి తీసేయమని కాదు. మనవాళ్లు తమకు నచ్చినదాన్ని పెళ్లిలో కలుపుకుంటూనే వచ్చారని చెప్పడానికే ఈ మాట.

దగ్గరి చరిత్ర కావాలన్నా ఉంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం వితంతు వివాహం జరిపించినప్పుడు ఊరు ఊరంతా శాస్త్రం పేరే ఎత్తింది. ఆ తర్వాతి తరంలో త్రిపురనేని రామస్వామి చౌదరి పెళ్లి విధానాన్ని తెలుగులోనే రాసి, తనే దగ్గరుండి పెళ్లిళ్లు చేయించారు. దండలు మార్చుకుని, నాలుగు మాటలు చెప్పి ముగించే స్టేజీ పెళ్లిళ్లు మన జిల్లాల్లో ఎన్నో జరిగాయి. మీరు చేయబోయే మార్పు మరీ అంత పెద్దది కాదని పెద్దవాళ్లకు చెప్పడానికి ఇవి పనికొస్తాయి.

మొదటి మెట్టు: ఇద్దరూ విడివిడిగా రాయండి

కలిసి కూర్చుంటే ఒకరు మాట్లాడతారు, ఇంకొకరు తలూపుతారు. అందుకే వేరువేరుగా, ఫోన్లో కాకుండా కాగితం మీద, మూడు ప్రశ్నలకు జవాబు రాయండి.

ఇప్పటిదాకా చూసిన పెళ్లిళ్లలో ఏ ఘట్టం దగ్గర మీకు గొంతు పట్టుకుంది? ఏ ఘట్టం దగ్గర తల దించుకున్నారు, లేదా కోపం వచ్చింది? మీ పెళ్లిలో ఎవరు తప్పకుండా ఏదో ఒకటి తమ చేతులతో చేయాలి?

మూడోదాన్ని తేలిగ్గా తీసుకోకండి. నాకు తెలిసినంతలో మంచి తంతుకు దారి అక్కడే దొరుకుతుంది. మా చెల్లెలు మొదటి రెండింటికి పెద్దగా ఏం రాయలేదు. మూడోదానికి మాత్రం "అమ్మమ్మ" అని ఒక్క మాట రాసింది. సగం జాబితా దాంతోనే తేలిపోయింది.

రాశాక కాగితాలు మార్చుకోండి. అప్పుడే వాదించుకోకండి, ఒక్కరోజు ఆగండి.

రెండో మెట్టు: పూర్తి జాబితా రెండుచోట్ల నుంచి తెచ్చుకోండి

ఒకటి పురోహితుడి దగ్గర. "మీరు మామూలుగా ఏ వరసలో చేయిస్తారో రాసివ్వండి, ఒక్కోదానికి ఎంతసేపు పడుతుందో కూడా" అని అడగండి. గణపతి పూజ, పుణ్యాహవాచనం, గౌరీపూజ, కాళ్లు కడగడం, మధుపర్కం, మహాసంకల్పం, కన్యాదానం, సుముహూర్తం, యోక్త్రధారణ, మాంగల్యధారణ, తలంబ్రాలు, బ్రహ్మముడి, పాణిగ్రహణం, సప్తపది, హోమాలు, సన్నికల్లు, అరుంధతి, అప్పగింతలు. కొద్దిగా ముందూ వెనకా ఇలా వస్తుంది.

రెండోది ఇంట్లో ఆడవాళ్ల దగ్గర, అదీ రెండు వైపులా. పంతులుగారి జాబితాలో ఉండనివన్నీ ఇక్కడ ఉంటాయి: పసుపు కొట్టడం, పెళ్లికూతుర్ని చేయడం, మైలపోలు, ఎదుర్కోళ్లు, ఒడిబియ్యం, బిందెలో ఉంగరం తీయడం, గడప దగ్గర పాటలు. ఒకే జిల్లాలో రెండు ఇళ్ల పద్ధతులు కలవవు. అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్తుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. వాళ్లకు పాటలు వస్తే తప్పకుండా పాడించండి. అది పెళ్లికి పనికిరాకపోయినా పోయేదేమీ లేదు.

ఇక్కడే తద్దినం నాటి పిల్లి కూడా బయటపడుతుంది. పెద్దాయన ఉన్నప్పుడు తద్దినం రోజున వంటింట్లోకి రాకుండా పిల్లిని బుట్టకింద మూశారట. ఆయన పోయాక కొడుకులు తద్దినానికని పిల్లిని వెతికి తెచ్చి మరీ బుట్టకింద పెట్టారట. "ఇది ఎందుకు చేస్తాం?" అని ముగ్గురిని అడిగితే ముగ్గురూ "ఏమో, మా అత్తగారు చేసేది" అంటే, బుట్టకింద పిల్లి ఉందేమో చూడండి. అయినా తొందరపడి కొట్టేయకండి. అత్తగారు చేసేది అనే మాటలోనే ఆవిడకు ఒక అర్థం ఉండొచ్చు.

మూడో మెట్టు: చట్టం దేన్ని చూస్తుందో తెలుసుకోండి

మనసుకు నచ్చినవి ఎంచుకునే ముందు, తీసేస్తే చిక్కు తెచ్చేది ఏదో తెలియాలి. హిందూ వివాహ చట్టం, 1955లోని 7వ సెక్షన్ ప్రకారం వధూవరుల్లో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం పెళ్లి జరిగితే చాలు. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, ఏడో అడుగు పడినప్పుడు పెళ్లి పూర్తయినట్టు. సప్తపది అలవాటు లేని సమాజాలకు అది తప్పనిసరి కాదు, వాళ్ల ఆచారమే ప్రమాణం.

2024లో సుప్రీంకోర్టు ఈ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పింది. హిందూ పెళ్లి అంటే ఆటపాటలూ విందులూ కాదు, జరగాల్సిన తంతు జరగకుండా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒక్కటీ తెచ్చుకుంటే అది పెళ్లి కాదు అని. కాబట్టి "రిజిస్ట్రేషన్ ఉందిగా, పీటల మీద ఏం చేస్తే ఏంటి" అనుకోకండి. అదే ఏడాది అలహాబాద్ హైకోర్టు, ఈ చట్టం కింద పెళ్లి చెల్లడానికి కన్యాదానం తప్పనిసరి కాదని చెప్పింది. కన్యాదానం గురించి ఇంట్లో చర్చ వస్తే ఇది గుర్తుంచుకోండి.

తమిళనాడులో దండలో ఉంగరాలో మార్చుకున్నా చాలు అనే సవరణ ఆ చట్టానికి ఉంది. మన రెండు రాష్ట్రాల్లో అది లేదు. దండల పెళ్లే కావాలనుకునేవాళ్లు, వేర్వేరు మతాలవాళ్లు ప్రత్యేక వివాహ చట్టం, 1954 దారి పట్టడం మేలు. కనీసం ఒకరు ముప్ఫై రోజులుగా ఉంటున్న జిల్లాలో వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. అభ్యంతరాలకు మరో 30 రోజులు ఆగాలి. పెళ్లిరోజున ముగ్గురు సాక్షులు కావాలి. ఈ చట్టంలో నాకు నచ్చింది ఒకటుంది. పెళ్లి ఏ రూపంలోనైనా చేసుకోవచ్చు గానీ, ఒకరినొకరు చట్టబద్ధమైన భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని నోటితో చెప్పుకోవాలి, అదీ ఇద్దరికీ అర్థమయ్యే భాషలో. తెలుగులో చెప్పొచ్చు. మంత్రం అర్థం కాలేదన్న బాధ లేదు.

నాలుగో మెట్టు: ఒక్కోదాన్నీ విప్పి చూడండి

అసలు పని ఇదే. దీనికి ఒక ఆదివారం మొత్తం పెట్టుకోండి. ప్రతి తంతు దగ్గరా ఇది ఏం చెప్తోంది, మనం అది చెప్పదలిచామా అని అడగండి. చెప్పదలిస్తే ఉంచండి. సగమే నప్పితే మార్చండి. అసలు నప్పకపోయినా అమ్మానాన్నలకు ప్రాణమైతే, ఎంతవరకు ఒప్పుకోగలరో చూసుకోండి. ముఖ్యమైనవాటి గురించి నా అభిప్రాయాలు చెప్తాను.

కాళ్లు కడగడం. వరుణ్ణి విష్ణుస్వరూపంగా భావించి వధువు తల్లిదండ్రులు కాళ్లు కడుగుతారు. అరవై దాటిన మామగారు వంగి కడుగుతుంటే ఇబ్బంది పడే పెళ్లికొడుకులు ఇప్పుడు చాలామంది. నాకు తెలిసిన ఒకబ్బాయి ముందురోజే ఒప్పించి, పీటల మీదికి రాకముందు తనూ అమ్మాయీ కలిసి నలుగురు తల్లిదండ్రుల కాళ్లు కడిగారు. తర్వాత పీటల మీద తంతు మామూలుగానే జరిగింది. ఏదీ తీసేయలేదు, ఒకటి చేర్చారంతే. పెద్దవాళ్లలో ఒక్కరూ నోరెత్తలేదు.

కన్యాదానం. చాలామంది ఆగేది ఇక్కడే. అమ్మాయి దానం ఇచ్చే వస్తువా అన్నది న్యాయమైన ప్రశ్న. అలాగని ఆ క్షణంలో కూతురి చెయ్యి పట్టుకుని కన్నీళ్లు పెట్టుకునే తండ్రికి అది దానం కాదు, ఆయన జీవితంలో ఒక పెద్ద ఘట్టం. మాట మార్చి చేత చేయి ఉంచే దారులున్నాయి. వధువు తల్లిదండ్రులు, వరుడి తల్లిదండ్రులు అందరూ చేతులు కలిపి నీళ్లు విడిచి, ఇద్దరినీ ఒకరికొకరిని అప్పగించవచ్చు. దానం అనే మాట లేకుండా సంకల్పం చెప్పడానికి ఒప్పుకునే పురోహితులు ఉన్నారు. ముందే అడగాలి.

కన్యాదానం వెంటనే వచ్చే "ధర్మేచ అర్థేచ కామేచ నాతిచరామి" మాత్రం వదలకండి. ధర్మంలో, అర్థంలో, కామంలో నిన్ను దాటి పోను అని వరుడు ఇచ్చే మాట అది. మొత్తం పెళ్లిలో ఇంత సూటిగా ఉన్న వాగ్దానం ఇంకోటి లేదు. సాధారణంగా పెళ్లికొడుకు ఒక్కడే, అదీ పంతులుగారి వెనక గొణుగుతూ అంటాడు. ఇద్దరూ అనండి. మైకు దగ్గర పెట్టి, తెలుగులో కూడా ఒకసారి అనండి. ఈ ఒక్క మార్పుకు నేను చూసిన పెళ్లిళ్లలో ఎవరూ అడ్డు చెప్పలేదు.

జీలకర్ర బెల్లం. మన దగ్గర సుముహూర్తం అంటే ఇదే. మధ్యలో తెర, తలమీద చెయ్యి, తెర తీయగానే చూపులు కలవడం. కలిపి నూరితే జీలకర్రను, బెల్లాన్ని మళ్లీ విడదీయలేం, అంతకన్నా అర్థం అక్కర్లేదు. దీనివల్ల తలలో విద్యుత్తు ప్రవహిస్తుందని వాట్సాప్‌లో తిరిగే సైన్సును మాత్రం శుభలేఖ మీద వేయించకండి. తెర తీసే ఆ అరక్షణం అసలు ఘట్టం. ఫొటోగ్రాఫర్ "సార్, ఇంకోసారి" అనకుండా చూసుకోండి.

తాళి. సాధారణంగా రెండు సూత్రాలు, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. ఈ విషయమే అతిథుల్లో సగంమందికి తెలియదు, చెప్పించండి. మూడు ముళ్లలో మొదటిది వరుడు వేస్తే మిగతావి ఆడపడుచు వేసే ఇళ్లున్నాయి. కొందరు అమ్మాయిలు అబ్బాయికీ ఏదో ఒకటి కట్టాలనుకుంటారు, ఉంగరమో గొలుసో. బాగానే ఉంటుంది. అమ్మమ్మ నల్లపూసల్లోంచి రెండు తీసి కొత్త తాడులో గుచ్చితే ఇంకా బాగుంటుంది, ఖర్చు లేదు.

తలంబ్రాలు. తల, ప్రాలు కలిసి వచ్చిన మాట. ప్రాలంటే బియ్యం. కాబట్టి థర్మకోల్ గోళీలు వద్దు. కళ్లలో పడతాయి, చీరకు అంటుకుంటాయి, మండపం ఊడ్చేవాళ్లు తిట్టుకుంటారు. భద్రాచలం రాములవారి కల్యాణానికి భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాలు పంపుతారు. ఆ పద్ధతి ఇంట్లోనూ చేయొచ్చు. పెళ్లికి వారం ముందు నుంచి ఇంటికి వచ్చినవాళ్లందరి ముందు ఒక పళ్లెంలో వడ్లు పెట్టండి. కబుర్లు చెప్తూ తలా పిడికెడు ఒలుస్తారు. కూర్చోలేని ముసలివాళ్లు, ఆగలేని పిల్లలు కూడా చేయగలిగిన పని. మేం చేసిన వాటన్నిటిలో బాగా కుదిరింది ఇదే.

సన్నికల్లు. వధువు పాదాన్ని రాతిమీద పెట్టించి, ఈ రాయిలా స్థిరంగా ఉండు అంటారు. స్థిరత్వం ఒక్కరికే ఎందుకు? ఇద్దరూ ఎక్కండి. ఆ సన్నికల్లు మీ నాయనమ్మ పచ్చడి నూరిన రాయి అయితే మరీ మంచిది, మండపం వాళ్లు తెచ్చే రాయి ఎందుకు.

లాజహోమం. పేలాలను వధువు దోసిట్లో సోదరుడు పోస్తాడు. తమ్ముడు లేకపోతే వరసకు అన్నను వెతుకుతారు. అక్కచెల్లెళ్లు పోస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. మా చెల్లెలికి నేనే పోశాను.

సప్తపది. దీనికి తీరిక కావాలి. కానీ మన పెళ్లిళ్లలో ఇది వచ్చేసరికి అతిథులు భోజనాల బంతిలో ఉంటారు. అడుగులు తమలపాకుల మీదో బియ్యం కుప్పల మీదో పడతాయి. ఒక్కో అడుగుకూ ఒక్కో కోరిక: మొదటిది అన్నానికి, రెండోది బలానికి, మూడోది వ్రతానికి, నాలుగోది సుఖానికి, ఐదోది పశుసంపదకు. తర్వాతివి వేదశాఖనుబట్టి కొద్దిగా మారతాయి. ఏడో అడుగు తర్వాత వచ్చే మాటే అన్నిటికన్నా ముఖ్యం: "సఖా సప్తపదా భవ". ఏడడుగులు నడిచాం, ఇక స్నేహితులం. నీ స్నేహం నుంచి నేను విడిపోకూడదు అని ఆ మంత్రమే ఇంకా చెప్తుంది. భార్య, భర్త అని కూడా అనదు, స్నేహం అంటుంది.

దీన్ని మీదిగా చేసుకోవడం తేలిక. మంత్రం యథాతథంగా ఉంచి, ఒక్కో అడుగు తర్వాత మీరు రాసుకున్న ఒక తెలుగు వాక్యం చదవండి. పశువుల అడుగు దగ్గర ఏం రాయాలా అని మా మరిది తల పట్టుకుని, చివరికి "మన కుక్కను ఇద్దరం వంతులవారీగా తిప్పుదాం" అని రాశాడు. మండపం అంతా నవ్వింది. పంతులుగారూ నవ్వారు. వాక్యాలు చిన్నవిగా, నిలబెట్టుకోగలిగేవిగా ఉండాలి. "ఏడేడు జన్మలు" లాంటివి రాస్తే ఎవరూ వినరు. ఇంటర్నెట్‌లో కనిపించే ఏడు ఫేరాల వాగ్దానాలు ఉత్తరాది పద్ధతివి. మన సప్తపది అగ్ని చుట్టూ తిరిగే ఏడు చుట్లు కాదు, ఏడు అడుగులు.

అరుంధతి. పట్టపగలు పన్నెండింటికి పందిట్లోంచి ఆకాశం వైపు వేలు చూపించి "కనిపించిందా?" అంటే "కనిపించింది" అని అబద్ధమాడటం మన పెళ్లిళ్లలో కొత్తజంట కలిసి ఆడే తొలి అబద్ధం. నిజంగా చూడొచ్చు. సప్తర్షి మండలంలో తోక మధ్య నక్షత్రం వసిష్ఠుడు, ఖగోళ శాస్త్రంలో మిజార్. దాన్ని ఆనుకుని మినుకుమనే చిన్న చుక్క అరుంధతి, ఆల్కార్. వైశాఖ, జ్యేష్ఠాల్లో చీకటి పడగానే ఉత్తరాన కనిపిస్తాయి. కార్తీక, మార్గశిరాల్లో అయితే తెల్లవారుజామున చూడాలి. పందిట్లో వేలు చూపించే తంతు అలాగే ఉంచి, ఆ రాత్రి మేడమీదికి ఇద్దరే వెళ్లండి. కెమెరా వద్దు.

అప్పగింతలు. పాలలో వధువు చేతులు ముంచి అత్తింటివారి చేతుల్లో పెట్టడం. ఏడుపు సంగతి సరే. ఈ కాలంలో చాలా జంటలు ఏ అత్తింటికీ వెళ్లడం లేదు, వేరే ఊళ్లో అద్దె ఇంటికి వెళ్తున్నారు. అలాంటప్పుడు అబ్బాయి చేతుల్నీ అమ్మాయి తల్లిదండ్రుల చేతుల్లో పెట్టించండి. మేం చేయించినప్పుడు అబ్బాయి తల్లి ఏడ్చింది. అప్పటిదాకా ఆవిడ ఏడవచ్చని ఎవరికీ తట్టలేదు.

కాశీయాత్ర, బిందెలో ఉంగరం, బంతులాట సరదాకు. ఓపిక ఉంటే ఉంచుకోండి. మెహందీ, సంగీత్, హల్దీల జోలికి నేను వెళ్లను. కానీ మనకు పసుపు కొట్టడం, మంగళస్నానాలు ఉండగా హల్దీ పేరుతో అదే పసుపును పసుపు రంగు బట్టల్లో రెండోసారి పూసుకోవడం నాకు అర్థం కాదు.

కట్నానికి మాత్రం ఏ తంతులోనూ చోటు లేదు. 1961 నుంచి అది నేరం.

ఐదో మెట్టు: ఎవరు దూరంగా నిలబడ్డారో చూడండి

జాబితా తయారయ్యాక పేర్లు రాయండి. ఒక్కో తంతు పక్కన అది ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో. రాశాక అందులో లేని పేర్లు చూడండి.

మన పెళ్లిళ్లలో అన్నిటికన్నా బాధపెట్టే సంగతి ఇక్కడే ఉంది. ఇరవై ఏళ్లు ఒంటిచేత్తో పెంచిన తల్లి, భర్త లేడన్న కారణంతో స్తంభం వెనక నిలబడుతుంది. పీటల మీద పెదనాన్న, పెద్దమ్మ కూర్చుంటారు. పసుపు కొట్టేది ముత్తైదువలే, హారతి ఇచ్చేది ముత్తైదువలే. దీన్ని మారుస్తారా లేదా అన్నదాన్నిబట్టే మీ పెళ్లి మీదా కాదా తేలుతుందని నేననుకుంటాను. తల్లి ఒక్కతే కూర్చుని కన్యాదానం చేయించే పురోహితులు ఇప్పుడు ఉన్నారు. మీరు మాట్లాడిన ఆయన ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూడండి.

ఒక జాగ్రత్త. ముందు ఆవిడనే అడగండి. చాలామంది తల్లులు "నా వల్ల మీకు చెడు జరిగితే?" అని భయపడి వద్దంటారు. నలుగురిలో బలవంతపెడితే సంతోషం కంటే టెన్షన్ ఎక్కువవుతుంది. ఇంట్లో, ముందే, నెమ్మదిగా ఒప్పించాలి. మొదటి పిడికెడు పసుపు కొమ్ములు ఆవిడతో వేయించడం మంచి మొదలు. జనం ఉండరు, అలవాటవుతుంది.

పోయినవాళ్లను తలుచుకోవాలనుంటే, ఫొటోకు దండ వేసి వేదిక పక్కన పెట్టడం కన్నా వాళ్ల వస్తువు ఒకటి వాడటం నాకు నచ్చుతుంది. తాతగారి కండువాతో కొంగుముడి వేయొచ్చు. నాన్న గడియారం చేతికి పెట్టుకోవచ్చు.

ఆరో మెట్టు: పురోహితుడితో కూర్చోండి

ఫోన్లో కాదు, ముహూర్తానికి కనీసం నెల ముందు, జాబితా చేతిలో పెట్టుకుని. "ఇవి తీసేయండి" అని మొదలుపెడితే ఆయన మూసుకుపోతారు. "వీటి అర్థం తెలుసుకోవాలనుంది, మీరు చెప్పండి" అంటే తెరుచుకుంటారు. అర్థం అడిగే జంటలు వాళ్లకూ అరుదు. మార్పులు ఆ తర్వాత అడగండి. తెలుగులో అర్థం చెప్తూ చేయిస్తే సమయం పెరుగుతుంది కాబట్టి, సంభావన విషయంలో పిసినారితనం చూపకండి.

కచ్చితంగా తేల్చుకోవాల్సినవి కొన్నే. మార్చినవాటిని ఆయన ఆరోజు మరచిపోరు కదా? ఆయన బదులు ఇంకొకరు వస్తే ఈ కాగితం వాళ్లకు అందుతుందా? హోమం ఎంతసేపు? కన్వెన్షన్ హాల్లో అగ్ని వెలిగించనిస్తారో లేదో హాలు వాళ్లను మీరే విడిగా అడగాలి. పొగకు అలారం మోగే ఏసీ హాళ్లలో ఇది చివరి నిమిషంలో పెద్ద గొడవవుతుంది.

ఏడో మెట్టు: పెద్దవాళ్లను ఒప్పించడం

అన్నీ ఒకేసారి చెప్పకండి. మీకు ప్రాణమైనవి మూడు ఎంచుకోండి, మిగతావి వాళ్లకు వదిలేయండి. మీ అమ్మకు ప్రాణమైన ఒకదానికి మీరు సంతోషంగా ఒప్పుకుంటే, మీ మూడింటికి ఆవిడే బాబాయిలతో పోట్లాడుతుంది. వియ్యాలవారికి చెప్పాల్సినవి వాళ్ల పిల్లే, వాళ్ల పిల్లాడే చెప్పాలి. కాబోయే కోడలు చెప్తే సూచన కూడా ఫిర్యాదులా వినిపిస్తుంది.

తీసేయడం కన్నా చేర్చడం సులువు, చేర్చడం కన్నా మార్చడం కష్టం. కానీ చేరుస్తూ పోతే తంతు నాలుగు గంటలవుతుంది. కొత్తగా కలిపేవి రెండు దాటనివ్వకండి.

పెళ్లిరోజుకు

ఒక పేజీలో తంతు వరస, ఒక్కోదాని పక్కన ఒక్క వాక్యం అర్థం రాసి అతిథులకు పంచండి. భోజనాలకు లేచేవాళ్లు సప్తపది ఎప్పుడో చూసుకుని తిరిగొస్తారు. మైకు పంతులుగారికి ఒకటి, మీకు ఒకటి. ఫొటోగ్రాఫర్లు జనానికి అడ్డం రాకుండా ఎక్కడ నిలబడాలో ముందురోజే చూపించండి, నోటితో చెప్తే సరిపోదు. ఆ కాగితం పట్టుకుని అన్నీ చూసుకునే మనిషి ఒకరు ఉండాలి. అది పెళ్లికూతురు కాకూడదు, ఆమె తల్లి అసలే కాకూడదు.

తర్వాత రిజిస్ట్రేషన్. మన రెండు రాష్ట్రాల్లో 2002 నాటి చట్టం ప్రకారం పెళ్లి నమోదు తప్పనిసరి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వయసు, చిరునామా రుజువులు, పెళ్లి ఫొటో, శుభలేఖ తీసుకెళ్లాలి, సాక్షులు రావాలి. శుభలేఖ ఒకటి పక్కన పెట్టుకోవడం మరవకండి. మేం ఉన్నవన్నీ పంచేసి, చివరికి మా మేనత్త ఇంటి దేవుడి గదిలోంచి ఒకటి వెనక్కి తెప్పించుకున్నాం, పసుపు మరకతో సహా.